కింగ్‌స్టన్ నుంచి అల్వాల్ దాకా
(మేడ్చల్‌లో చేసిన గద్దర్ స్మారకోపన్యాసం పాఠం)



ఏ అంశం తీసుకుంటారని అడిగినప్పుడు రాక్, పాప్ సంగీత చరిత్ర గురించి మాట్లాడతానన్నాను. గద్దర్ పేరు మీద పెట్టుకున్న సభలో గిటార్ల ముచ్చటేమిటని ఒకరిద్దరు మిత్రులు మొహమాటపడుతూనే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఈ ఉపన్యాసమంతా దానికి జవాబు.

గద్దర్ తూప్రాన్‌లో పుట్టారు. 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. మరునాడు అల్వాల్‌లో తాను స్థాపించిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు. తూప్రాన్ నుంచి అల్వాల్ రావాలంటే మేడ్చల్ దాటాలి. అల్వాల్ నుంచి ఇంకో పక్కకు తిరిగితే బొల్లారం, హకీంపేట, తూంకుంట, షామీర్‌పేట. అంటే ఆయన బతుకు మొదలైన చోటికీ ముగిసిన చోటికీ మధ్యలో మనం కూర్చుని ఉన్నాం. రాక్ సంగీత చరిత్ర రాసేవాళ్లు మెంఫిస్, లివర్‌పూల్, కింగ్‌స్టన్ పేర్లు ఎంత ధైర్యంగా రాస్తారో అల్వాల్ పేరు అంత ధైర్యంగా రాయాలని నా వాదం. మనూరి మనిషన్న మమకారం నాకు ఉన్నమాట నిజమే. అయినా వాదం దాని మీద నిలబడలేదు.

రాక్ చరిత్రలో పెద్ద ఘట్టాలు ఏవని అడిగితే ఎవరైనా గడగడా ఒప్పజెప్పే కొన్ని ఉన్నాయి. 1954 జులైలో మెంఫిస్‌లో, సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో బీటిల్స్, చూసినవాళ్లు 7 కోట్ల 30 లక్షల మంది. 1965 జులైలో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలన్ కరెంటు గిటార్ పట్టుకుని ఎక్కితే జనంలో లేచిన గోల. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్. 1985లో లైవ్ ఎయిడ్. వీటి మీద పుస్తకాలకు కొదవ లేదు. నేను వీటన్నిటికంటే ముందు జరిగిన, అంతగా ఎవరూ పండగ చేసుకోని ఒక ఘట్టం దగ్గర ఆగుతాను.

1941 ఆగస్టు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, క్లార్క్స్‌డేల్ ఊరి పక్కన స్టోవాల్ అనే దొర పత్తి పొలాలు. అక్కడ ట్రాక్టర్ నడుపుకుంటూ, సాయంత్రాలు గిటార్ వాయించుకునే నల్లజాతి యువకుడు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. జనం పిలిచే పేరు మడ్డీ వాటర్స్. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ తరఫున జానపద గీతాలు సేకరించే అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయం పండితుడు జాన్ వర్క్ రికార్డింగ్ యంత్రం మోసుకుని ఆయన గుడిసెకు వచ్చారు. పాడించుకున్నారు. తర్వాత రికార్డు ప్రతులు రెండు, 20 డాలర్ల చెక్కు పంపించారు. తన గొంతు తనకే బయటి నుంచి వినపడటం ఆ మనిషికి అది మొదటిసారి. ఇది నేనూ చేయగలిగిన పనేనన్న నమ్మకం అక్కడే కుదిరింది. 1943లో రైలెక్కి షికాగో వెళ్లిపోయాడు. అక్కడి కల్లు దుకాణాల్లాంటి చోట్ల తాగి అరిచేవాళ్ల మధ్య ఉత్త గిటార్ వినపడదు. కరెంటు గిటార్ పట్టక తప్పలేదు. బ్లూస్ అనే పొలం పాట అట్లా గట్టి గొంతు తెచ్చుకుంది. 1950లో అతను చేసిన ఒక రికార్డు పేరునే పన్నెండేళ్లకు లండన్ కుర్రాళ్లు కొందరు తమ బ్యాండుకు పెట్టుకున్నారు. ఆ బ్యాండే రోలింగ్ స్టోన్స్.

ఇందులో మనకు తెలియనిది ఏముంది? దొర పొలంలో పాలుకు చేసే కుటుంబం, కరువో అప్పో తరిమితే పట్నం, పట్నంలో పల్లె పాటకు కొత్త గొంతు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే రైల్వే లైను బొల్లారం, మేడ్చల్ మీదుగానే పోతుంది. మెదక్ పల్లెల నుంచి మూట నెత్తిన పెట్టుకుని ఆ రైలు దిగినవాళ్లలో కొందరు రిక్షాలు తొక్కారు, కొందరు రాళ్లు మోశారు. గద్దర్ తొలి పాటల్లో బాగా పేరు పడ్డ 'ఆపర రిక్షా' వాళ్ల కోసం పుట్టిందే. షికాగోలో కరెంటు గిటార్ చేసిన పని ఇక్కడ డప్పు, గొట్టం మైకు కలిసి చేశాయి.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. దళిత కుటుంబంలో పుట్టి, ఇంజినీరింగ్ చదువు మధ్యలో వదిలి, బ్యాంకులో గుమాస్తాగా చేసి, ఆ ఉద్యోగమూ వదిలేసిన మనిషి. చిత్రకారుడు, దర్శకుడు బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంతో కలిశారు. 1972లో జన నాట్యమండలి పుట్టింది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు అందులో రెండో పెద్ద గొంతు. 'మాభూమి' సినిమాలో గొంగడి కప్పుకుని బండి యాదగిరి పాటను గద్దర్ పాడిన దృశ్యం మీలో చాలామందికి కళ్ల ముందే ఉంటుంది. ఇవి తెలిసిన సంగతులే కనుక వాటి మీద కాలం గడపను. ఆయన వేదిక ఎట్లా ఉండేదో మాత్రం నెమ్మదిగా చెప్పాలి. గద్దర్‌ను ఫోన్‌లోనే చూసిన పిల్లలు ఇక్కడ ఉన్నారు.

ముందు మంట వేసేవాళ్లు. ఎండు గడ్డి, కాగితాలు, దొరికిన చెత్త. ఆ మంటకు డప్పు మొహం చూపించి తిప్పుతూ కాచేవాళ్లు. తోలు వేడెక్కి బిగుస్తుంది. మధ్యమధ్య వేలితో తట్టి చూస్తారు. ముద్దగా పలికినంతసేపూ మంట మీదే. ఖంగుమనగానే ఎడమ చేతిలోకి సన్నటి సిటికెన పుల్ల, కుడి చేతిలోకి పొట్టి చిర్ర వచ్చేస్తాయి. చిర్ర దెబ్బ బరువు, పుల్ల దెబ్బ పదును. అవి రెండూ కలిసి చేసే శబ్దానికి మైకు అక్కర్లేదు. ఊరి అవతల పొలంలో ఉన్నవాడు కూడా ఇంటి దారి పడతాడు. రాక్ బ్యాండులో డ్రమ్ముల మనిషి బేస్ డ్రమ్ముతో, స్నేర్‌తో పంచుకునే పనిని ఇక్కడ ఒక్క మనిషి రెండు పుల్లలతో చేస్తాడు. పైగా నిలబడి, నడుస్తూ, ఎగురుతూ చేస్తాడు.

తర్వాత గద్దర్ వచ్చేవారు. నడుముకు పంచె, ఒంటి మీద గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర. వచ్చీ రాగానే పాట ఎత్తుకోరు. మాట్లాడతారు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మను పలకరిస్తారు. మాట ఎక్కడ ఆగి రాగం ఎక్కడ అందుకుందో తెలియదు. మీరు గమనిస్తుండగానే పక్కన బృందం వంత అందుకుంటుంది, రెండో విడతకు జనం అందుకుంటారు. పాట సగంలో ఒక్కసారి అంతా ఆపేసి, చెయ్యి పైకెత్తి నిశ్శబ్దంలో ఒక్క మాట అంటారు. మళ్లీ డప్పు దెబ్బ. అమెరికాలో జేమ్స్ బ్రౌన్ వేదిక మీద మోకాళ్ల మీద కూలబడితే పక్కవాళ్లు వచ్చి భుజాల మీద పైబట్ట కప్పి తీసుకుపోవడం, అతను దాన్ని విసిరేసి మళ్లీ మైకు దగ్గరికి పరుగెత్తి రావడం ప్రపంచమంతా చెప్పుకుంటుంది. గద్దర్ గొంగడి విసురు దానికి ఏ రకంగా తక్కువ? జనం ఊపిరిని ఎప్పుడు బిగించాలో ఎప్పుడు వదలాలో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ విద్య గుడిసెల్లోనే నేర్చుకున్నారు.

గొట్టం మైకు గురించి ఒక మాట. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ పాడినప్పుడు 55 వేల పైచిలుకు జనం. వాళ్ల కోసం ప్రత్యేకంగా చేయించిన 100 వాట్ల యాంప్లిఫయర్లు, మైదానంలో ప్రకటనలకు వాడే స్పీకర్లు తప్ప ఇంకేం లేవు. జనం కేకల్లో తమ పాట తమకే వినపడలేదని బీటిల్స్ తర్వాత చెప్పుకున్నారు. అటువంటి సామగ్రితోనే మనవాళ్లు ఇక్కడ దశాబ్దాల పాటు పాడారు. గొట్టం మైకు బొంగురు స్వరాన్నీ సన్నటి మెరుపునూ పలికించదు, నడిమి స్థాయిని మాత్రం మైలు దూరం తోస్తుంది. గద్దర్ గొంతు సరిగ్గా ఆ నడిమి స్థాయిలో పదును పెట్టినది. 1990 ఫిబ్రవరిలో అజ్ఞాతవాసం వదిలి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు ఆ మైదానం పట్టనంత జనం వచ్చారు. వెనక ఎక్కడో రోడ్డు మీద నిలబడ్డవాడికి కూడా పాటలో మాట మాటా అందింది. బీటిల్స్‌కు షే స్టేడియంలో దొరకని భాగ్యం అది.

ఇక అసలు విషయానికి వస్తాను.

1976 డిసెంబర్ 3 రాత్రి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 56, హోప్ రోడ్. బాబ్ మార్లే ఇల్లు. దేశంలో ఎన్నికల వేడి. మైకేల్ మాన్లే పార్టీకీ ఎడ్వర్డ్ సియాగా పార్టీకీ మధ్య వీధుల్లో తుపాకులు పేలుతున్న రోజులు. రెండు రోజుల్లో ఉచిత కచేరీ ఉంది, లోపల సాధన నడుస్తోంది. సాయుధులు ఇంట్లో చొరబడి కాల్చారు. భార్య రీటాకు తలకు తగిలింది. మేనేజరుకు ఒంటినిండా గాయాలు. మార్లే ఛాతీని రాసుకుంటూ పోయిన తూటా చేతిలో దిగింది. తీస్తే చెయ్యి పని చేయకుండా పోయే ప్రమాదం ఉందని దాన్ని అట్లాగే ఉంచేశారు. డిసెంబర్ 5న, కట్టు కట్టుకుని, 80 వేల మంది ముందు నిలబడి పాడాడు. ఒక్క పాట పాడి వస్తానన్నవాడు గంటన్నర పాడాడు. చొక్కా విప్పి గాయం చూపించాడు.

1997 ఏప్రిల్ 6. అల్వాల్. గద్దర్ ఇల్లు. దుండగులు వచ్చి కాల్చారు. ఒంట్లో దిగిన తూటాల్లో ఒకదాన్ని వెన్నెముక దగ్గరే వదిలేశారు డాక్టర్లు, తీయడం ప్రమాదమని. ఆ తర్వాత 26 ఏళ్లు దానితోనే నడిచారు, గజ్జె కట్టారు, ఎగిరారు, తెలంగాణ ఉద్యమంలో వందల వేదికల మీద పాడారు. తన దేహంలో తూటా ఉందని సభల్లో చెప్పుకునేవారు, జాలి కోసం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఈ రెండు రాత్రుల్నీ పక్కపక్కన పెట్టి చూడమని మిమ్మల్ని అడుగుతున్నాను. మార్లే మీద జరిగిన కాల్పులు ప్రపంచ సంగీత చరిత్రలో ఒక అధ్యాయం. నవలలు వచ్చాయి, చలనచిత్రాలు వచ్చాయి. ఇక్కడికి కొద్ది మైళ్ల అవతల, మన బస్సు రోజూ ఆగే చోట అదే జరిగితే అది స్థానిక వార్తగా, పోలీసు కేసుగా, రాజకీయ చర్చగా మిగిలింది. సంగీత చరిత్రలో ఘట్టంగా దాన్ని ఎవరూ చూడలేదు. ఒక గాయకుణ్ణి చంపాలనుకునేంతగా అతని పాటకు భయపడటం, బతికి బయటపడ్డవాడు తూటాను ఒంట్లో ఉంచుకుని మళ్లీ పాడటం ఈ రెండు చోట్లా జరిగాయి. చరిత్ర ఒక చోటునే గుర్తుపెట్టుకోవడానికి కారణం భాష, రికార్డింగ్ కంపెనీ. ఇంకో కారణం నాకు కనపడలేదు.

పోలిక అక్కడితో తెగదు. 1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్‌లో మార్లే తన పాట మధ్యలో మాన్లేనూ సియాగానూ వేదిక మీదికి పిలిచి, ఇద్దరి చేతులూ పట్టుకుని పైకెత్తాడు. గద్దర్ 2002లో నక్సలైట్ల ప్రతినిధిగా వరవరరావుతో కలిసి ప్రభుత్వంతో మాట్లాడటానికి వెళ్లారు. 2004 చర్చల్లోనూ ఉన్నారు. రెండు చోట్లా శాంతి నిలవలేదు. జమైకాలో 1980 ఎన్నికల ఏడాది వందల మంది చచ్చిపోయారు. ఇక్కడ ఎన్‌కౌంటర్లూ హత్యలూ మళ్లీ మొదలయ్యాయి. తుపాకులు పట్టుకున్న రెండు పక్షాల మధ్య నిలబడటానికి ఒక గాయకుణ్ణి పిలిచారంటే, అతని మాట ఇద్దరూ వింటారన్న నమ్మకం ఉండబట్టే కదా. ఆ నమ్మకం పాట సంపాదించి పెట్టింది.

పోలిక సరిపడని చోటు కూడా చెప్పాలి. మార్లే వెనక క్రిస్ బ్లాక్‌వెల్ నడిపిన ఐలాండ్ రికార్డ్స్ ఉంది. లండన్‌లో స్టూడియో ఉంది, అట్ట మీద మంచి ఫొటో ఉంది, దేశదేశాల్లో పంపిణీ ఉంది. గద్దర్ పాట వెనక క్యాసెట్ తప్ప ఏమీ లేదు. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇది.

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఆ చిన్న ప్లాస్టిక్ పెట్టె మన దేశంలో ఇళ్లలోకి చేరింది ఎనభైల్లో. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు, ఆ తర్వాత అగ్గువగా దొరికిన దేశీ రకాలు. అంతదాకా రికార్డు తీయాలంటే పెద్ద కంపెనీ ఒప్పుకోవాలి. క్యాసెట్ వచ్చాక ఎవరైనా తీయొచ్చు, ఎవరైనా కాపీ చేయొచ్చు. రెండు గదుల డెక్కులో ఒక పక్క అసలుది, ఒక పక్క ఖాళీది పెట్టి మీట నొక్కితే అరగంటలో ఒక వైపు అయిపోతుంది. జన నాట్యమండలి పాటలు అట్లా ఊరూరా తిరిగాయి. అట్ట మీద బొమ్మ ఉండదు, పెన్నుతో రాసిన పేరు ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. పోలీసులకు దొరికితే కష్టమని సినిమా పాటల క్యాసెట్ అట్టలో దాచినవాళ్లున్నారు. బొల్లారం బజారులో ఒక చాయ్ హోటల్లో చిరంజీవి పాటల మధ్యలో హఠాత్తుగా డప్పు మోగడం నేను విన్నాను. హోటలాయన గబగబా లేచి శబ్దం తగ్గించాడు. ఆపలేదు, తగ్గించాడు.

కాపీ నుంచి కాపీ తీసినకొద్దీ టేపు మీద హిస్సుమనే రొద పెరుగుతుంది, పైస్థాయి శబ్దాలు చచ్చిపోతాయి. వయొలిన్లు, తాళాల మెరుపు ఉన్న సినిమా పాట నాలుగో కాపీకి మసకబారిపోతుంది. ఒక గొంతు, నాలుగు వంతలు, ఒక డప్పు ఉన్న పాట అట్లా కాదు. ఎన్ని చేతులు మారినా మాట మిగులుతుంది, దెబ్బ మిగులుతుంది. ఈ పాటలు అన్ని పల్లెలు చుట్టగలగడానికి వాటి రాజకీయం ఎంత కారణమో వాటి కూర్పు అంత కారణమని నేను నమ్ముతాను.

ఇప్పుడు ఒక ఏడాది దగ్గర ఆగుదాం. 1985.

ఆ మార్చిలో 'దొంగ' విడుదలైంది. కోదండరామిరెడ్డి దర్శకత్వం, చక్రవర్తి సంగీతం. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియో వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు. ఎర్ర జాకెట్టు వేసుకున్న చిరంజీవి శవాల గుంపు ముందు నిలబడి 'గోలీమార్' పాటకు నాట్యం చేశాడు. బాలసుబ్రహ్మణ్యం, జానకి పాడారు. పాతికేళ్ల తర్వాత ఇంటర్నెట్‌లో తెల్లవాళ్లు దాన్ని చూసి నవ్వుకున్నారు. నాకు అందులో నవ్వులాట కనపడదు. ఎంటీవీ ఎట్లా ఉంటుందో తెలియని ఊళ్లలో టెంటు టాకీసుల్లో కూర్చున్న జనానికి లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన కొత్త నాట్యాన్ని అంత వేగంగా తెచ్చి చూపించిన పాట అది. తర్వాత తరం డాన్స్ మాస్టర్లంతా ఆ తలుపులోంచే వచ్చారు.

అదే ఏడాది జులై 13. లండన్ వెంబ్లీలోనూ ఫిలడెల్ఫియాలోనూ ఒకేసారి లైవ్ ఎయిడ్. ఇథియోపియా కరువు బాధితుల కోసం బాబ్ గెల్డాఫ్ పూనుకుని చేసిన కచేరీ. వంద దేశాలకు పైగా ప్రత్యక్ష ప్రసారం. క్వీన్ బృందం 21 నిమిషాల్లో వెంబ్లీని ఊపేసింది.

నాలుగు రోజులు గడిచాయి. జులై 17. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవకు భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. గద్దర్ కారంచేడు మీద పాట కట్టారు. జన నాట్యమండలి దాన్ని ఊరూరా మోసింది. ఆ ఏడాదే ఆయన అజ్ఞాతంలోకి వెళ్లిపోయారు.

లైవ్ ఎయిడ్‌ను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆ రోజు వచ్చిన డబ్బు ఆకలి తీర్చింది, అది చిన్న పని కాదు. ఒక వారంలో ఒకే భూమి మీద జనం పాటను రెండు రకాలుగా వాడారు. అక్కడ బాధితులు టీవీ తెర మీద, పాడేవాళ్లు వేదిక మీద. ఇక్కడ బాధితులూ పాడేవాళ్లూ ఒకే వాడ మనుషులు. సంగీత చరిత్ర రాసేవాళ్లు మొదటిదాన్ని ఘట్టమంటారు. నేను రెండిటినీ అంటాను.

ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోతే ఆయన పట్ల అన్యాయం చేసినట్టే. తనను పాప్ గాయకుడంటే గద్దర్ ఒప్పుకునేవారా? ఒప్పుకునేవారు కాదు. పాటను సరుకు చేసే వ్యవస్థ మీదే ఆయన యుద్ధం. 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు నంది అవార్డు వస్తే తీసుకోలేదు. పాట కింద తన పేరు ఉండాలన్న పట్టుదల కూడా ఆ రోజుల్లో లేదు. నిజమే. అయితే రాక్ సంగీతం కడుపులో కూడా ఇదే పోట్లాట మొదటి నుంచీ ఉంది. ఎల్విస్ మొదటి రికార్డు పాట అసలు ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడిది. అతను రాయల్టీల కోసం పోరాడీ పోరాడీ 1974లో అవి అందకుండానే పోయాడు. ఎవడి పాట, ఎవడి డబ్బు అన్న ప్రశ్న లేని రోజు ఆ చరిత్రలో ఒక్కటీ లేదు. గద్దర్ ఆ ప్రశ్నకు అందరికంటే తెగించి జవాబిచ్చారు: పాట పాడుకున్నవాడిది.

ఆయన పాట ఒక సాయుధ పార్టీ పాట కూడా. ఆ పార్టీ చేతిలో చనిపోయినవాళ్ల ఇళ్లు ఈ రాష్ట్రంలో ఉన్నాయి. ఆ ఇళ్లలో గద్దర్ పాట విని పులకించమని నేను అడగలేను. చివరి రోజుల్లో ఆయనే దారి మార్చారు. 2018లో మొదటిసారి ఓటు వేశారు, 2023లో ఎన్నికల పార్టీ ప్రకటించారు. అందుకు పాత సహచరులు నొచ్చుకున్నారు. ఇవన్నీ కలిసిన మనిషినే మనం స్మరించుకుంటున్నాం.

పిల్లల కోసం ఇంకొంచెం చెప్తాను. మీరు బోనాలప్పుడు డీసీఎంల మీద పేర్చిన డీజే బాక్సుల ముందు ఎగురుతారు కదా. ఆ పద్ధతి ఎక్కడిదో తెలుసా? యాభైల్లో కింగ్‌స్టన్ పేటల్లో రేడియో కొనలేని జనం కోసం వాహనం మీద స్పీకర్లు పేర్చి వీధిలో పాటలు వేసేవాళ్లు. సౌండ్ సిస్టమ్ అనేవాళ్లు దాన్ని. అక్కడ పుట్టిన క్లైవ్ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు కుటుంబంతో న్యూయార్క్ చేరి, డీజే కూల్ హెర్క్ పేరుతో 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో చెల్లెలు పెట్టిన పార్టీకి పాటలు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా లోకం ఆ తేదీనే చెప్పుకుంటుంది. అక్కడి నుంచి ఊళ్లు తిరిగి తిరిగి ఆ బాక్సులు మేడ్చల్ చౌరస్తాకు వచ్చాయి.

ఇంకో దారి ఇంకా పాతది. తీన్‌మార్ దెబ్బకు మూలమైన మర్ఫా వాద్యం హైదరాబాదుకు వచ్చింది తూర్పు ఆఫ్రికా సిద్దీల వెంట, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వెంట. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వదళం ఉండేది, దాని పేరే ఏసీ గార్డ్స్ బస్తీకి మిగిలింది. ఒక ఆఫ్రికా లయ ఓడల్లో బానిసల వెంట మిసిసిపీ చేరి రాక్ అయింది. ఇంకో ఆఫ్రికా లయ సిపాయిల వెంట హైదరాబాద్ చేరి మన పెళ్లి బరాతుల్లో కలిసింది. మీ కాళ్లకు ఆ రెండూ తెలుసు. అందుకే మార్లే పాడిన రెగే లయ మీద తెలుగు పల్లె మాట వేసి చౌరస్తా బ్యాండ్ పాడితే ఎక్కడా అతుకు కనపడలేదు.

2023 మార్చి 12న 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చింది. వేదిక ఎక్కిన కీరవాణి తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల 'టాప్ ఆఫ్ ది వరల్డ్' బాణీలోనే తన మాటలు పాడారు. కొన్ని రోజులకు రిచర్డ్ కార్పెంటర్ తన కుటుంబంతో కూర్చుని అదే బాణీలో అభినందన పాడి పంపించారు. బాణీ కట్టింది కొవ్వూరులో పుట్టిన కీరవాణి, రాసింది చల్లగరిగెలో పుట్టిన చంద్రబోస్, పాడినవాళ్లలో ఒకరు మంగళ్‌హాట్ నుంచి సొంత వీడియోలు చేసుకుంటూ వచ్చిన రాహుల్ సిప్లిగంజ్. ఆ వారమంతా టీవీల్లో మన పాట ప్రపంచానికి పోయిందన్నారు. నాకైతే పోవడం, రావడం రెండూ అప్పటికి చాలా ఏళ్లుగా నడుస్తున్నాయనిపించింది. పాలకొల్లు నుంచి వచ్చిన శ్రీనివాస్ మాండొలిన్‌కు కరెంటు తగిలించి కర్ణాటక కచేరీ చేసింది పసితనంలో, 1995లో పీటర్ గేబ్రియల్ రియల్ వరల్డ్ సంస్థకు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే రికార్డు చేసింది పాతికేళ్ల వయసులో.

షామీర్‌పేట దగ్గర బిట్స్‌లో, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో గిటార్లు పట్టుకున్న పిల్లలు వందల మంది ఉన్నారు. ఏటా పోటీల్లో మెటాలికా, కోల్డ్‌ప్లే పాటలు చక్కగా వాయిస్తారు. వాళ్లను తప్పుపట్టను, నేర్చుకోవడం అట్లాగే మొదలవుతుంది. మీ హాస్టల్ నుంచి అరగంట దూరంలో, వెన్నులో తూటాతో పాడిన గాయకుడు ఉండేవాడని మాత్రం తెలుసుకోండి. ఆయన పాట ఎట్లా కట్టాడో, వంతకు ఎక్కడ చోటు వదిలాడో, జనం అందుకునేలా చరణం ఎంత పొట్టిగా పెట్టాడో గిటారిస్టులుగా వినండి. అల్వాల్‌లో డప్పు కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి.

చివరగా ఒక పని. 1941లో లోమాక్స్ తీసిన రికార్డు లైబ్రరీలో భద్రంగా ఉంది కనుకనే మడ్డీ వాటర్స్ మొదటి గొంతు మనం ఇవాళ వినగలుగుతున్నాం. మన గొంతులు అటకల మీద, ట్రంకు పెట్టెల్లో, చెప్పుల డబ్బాల్లో ఉన్నాయి. అయస్కాంతపు పూత రాలిపోతోంది, వానాకాలం తేమకు టేపు మీద బూజు పడుతోంది. అలాంటి క్యాసెట్లు ఉన్నవాళ్లు వాటిని ఉత్సాహంతో పాత ప్లేయర్‌లో వేయకండి, రబ్బరు జిగురై టేపును నమిలేస్తుంది. స్పీకర్ల పక్కన పెట్టకండి, వాటిలో అయస్కాంతం ఉంటుంది. పడుకోబెట్టకుండా నిలబెట్టి, పొడి గుడ్డలో చుట్టి ఉంచండి. క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. వాటిని విరిచేస్తే పొరపాటున కూడా దాని మీద ఇంకోటి రికార్డు కాదు. ఎవరు పాడారో, ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఎవరి చేతి నుంచి మీకు వచ్చిందో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. కాపీకి కాపీ అయినా సరే, పాట సగమే ఉన్నా సరే, దగ్గు వినపడుతున్నా సరే తెండి. ఊరి గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక మంచి డెక్కు, ఒక కంప్యూటర్ ఉంటే ఈ పని మొదలవుతుంది. మీట నొక్కి ఎదురు చూసే ఓపిక కాలేజీ పిల్లల దగ్గర ఉంది. సభ అయ్యాక తలుపు పక్కన బల్ల మీద ఒక పుస్తకం పెడతారు. ఇంట్లో క్యాసెట్లు ఉన్నవాళ్లు పేరు, ఊరు రాసి వెళ్లండి. మేమే వచ్చి తీసుకుంటాం, కాపీ చేసి మీ క్యాసెట్ మీకు తిరిగి ఇస్తాం.